దర్జీ గొయ్యి

అయినా నవ్వడానికే కుర్చీలు వేసుకుని కూర్చున్నవాళ్ళని నవ్వొద్దంటే ఏం బావుంటుంది, అనుకుంది ఆవిడ, గోతి అడుగున చీలమండల దాకా ఇసుకలో దిగబడి నిలబడి. గోల్ఫు బంతి కాళ్ళ ముందే ఉంది. ఇందాకటి దెబ్బకి అది ఎగిరి, ఎదురుగా ఉన్న మట్టిగోడకి నుదురు కొట్టుకుని, బుద్ధిమంతురాలిలా దొర్లుకుంటూ వచ్చి మళ్ళీ అక్కడే కూర్చుంది. ఇది ఐదో దెబ్బో ఆరో దెబ్బో ఆవిడకి లెక్క తప్పింది. ఆవిడకి తప్పినా పైన వరండాలో ఉన్నవాళ్ళకి తప్పలేదు.

"ఆరు!" అన్నారు పదిమంది ఒక్క గొంతుతో. టీ కప్పులు గలగలమన్నాయి.

ఆరంటే ఇంకొక్కటే మిగిలింది. ఏడో దెబ్బకీ బంతి బయటపడకపోతే ఆటగాడు దాన్ని చేత్తో ఎత్తి, తలపైకి పట్టుకుని వరండాకి చూపించాలి. వరండా చప్పట్లు కొడుతుంది. ఎవరో ఒకరు చెయ్యి అందించి పైకి లాగుతారు, మరొకరు టీ చేతికిస్తారు. ఆ క్లబ్బులో తప్ప మరే గోల్ఫు క్లబ్బులోనూ అలాంటి రూలు ఉన్నట్టు ఆవిడ వినలేదు. దాని పేరు దర్జీ రూలు. ఈ గొయ్యి పేరు దర్జీ గొయ్యి. ఆ దర్జీ ఆవిడ తండ్రి.

ఇవాళ క్లబ్బుకి నూరేళ్ళు నిండాయి. ఆ సందర్భంగా పెట్టిన పోటీలో ఇప్పుడు బంతిని వెయ్యాల్సింది ఆఖరి గుంటలో. ఆ గుంటలో పాతిన జెండా ఈ గోతికి అవతల, గోడ పైన పచ్చికలో, వరండా మెట్లకి కూతవేటు దూరంలో ఎగురుతోంది. ఆవిడతో కలిసి ఆడుతున్న ముగ్గురూ తమ బంతుల్ని క్షేమంగా పచ్చిక మీదికి చేర్చుకుని గోతి అంచున నిలబడ్డారు. ఒకాయన క్లబ్బు ప్రెసిడెంటు. పట్టణంలో పళ్ళ డాక్టరు, క్లబ్బు పెట్టినాయనకి సొంత మనవడు. రెండో అతను ఆవిడ మరిది, క్లబ్బు సెక్రటరీ. మూడో మనిషి ఆవిడకి చిన్నప్పటి నుంచీ స్నేహితురాలు, రిటైరైన భూగోళం టీచరు. ఆ ముగ్గురి పక్కన నాలుగోది ఒక రాయి. దానికి తెల్లగుడ్డ కప్పి తాడు కట్టారు. సాయంత్రం సభలో ఆ గుడ్డ తీస్తారు.

"ఏమే," అంది టీచరమ్మ పైనుంచి, "ఆ గోడ నీకేమైనా బాకీనా? వదలవేం?"

"ఆడనివ్వవే."

"ఆడు, ఆడు. నాకేం. నేను నిల్చోలేక చస్తున్నా గానీ."

ఆవిడ నవ్వింది. నవ్వు దానంతటదే వచ్చేసింది. పొద్దున్న ప్రెసిడెంటు మైకు ముందు క్లబ్బు చరిత్ర చెబుతున్నప్పుడూ ఇలాగే వచ్చింది. ఆవిడ మొహానికి ఆ అలవాటు ఎప్పుడో అయిపోయింది. మనసుని అడక్కుండానే నవ్వేసి, తర్వాత కబురు చెబుతుంది.

ప్రెసిడెంటు చెప్పిన చరిత్ర బాగానే ఉంది. ఆయన గొంతు మంచిది. నోరు తెరిచి కూర్చున్నవాళ్ళతో ఏళ్ళ తరబడి ఒక్కడే మాట్లాడే అలవాటు ఉన్న మనిషి. వాళ్ళ తాతగారు, రేవులో పెద్ద ఇంజనీరు, ఎవరికీ పనికిరాని ఈ మిట్ట నేలని చూసి ఇక్కడ ఆడదాం అన్నారట. మొదట్లో గడ్డి మొలవలేదు. జెండాల చుట్టూ ఇసుకలో వాడేసిన ఇంజను నూనె కలిపి చదును చేసి, దాని మీదే ఆడారు. క్లబ్బు ఇల్లు కట్టడానికి ఇటుకలకి మట్టి కావాల్సి వస్తే ఇక్కడే తవ్వారు. ఇల్లు లేచింది, గొయ్యి మిగిలింది. పూడ్చే ఓపిక లేక దాన్లో ఇసుక పోయించి, ఇదే మన ఆఖరి పరీక్ష అన్నారట పెద్దాయన. జనం చప్పట్లు కొట్టారు. తమ ఇల్లు ఈ గోతిలోంచే పైకి వచ్చిందన్న సంగతి వాళ్ళకి ఎంతో ముద్దుగా అనిపించింది.

ఆ నూనె సంగతి ఆవిడకి ఇంకో వైపు నుంచి తెలుసు. ఆడి వచ్చిన దొరబాబుల ప్యాంట్లు అంచులన్నీ నల్లబడి ఆవిడ తండ్రి కొట్టుకి వచ్చేవి. ఆయన మడతలు విప్పి, మరక మేరకు కత్తిరించి, మళ్ళీ కుట్టేవాడు. అలా పరిచయం. ప్యాంట్ల తర్వాత కోట్లు. కోట్ల కోసం వాళ్ళు ఆయన ముందు లోపలి బనీన్లతో, చేతులు బారచాపి, పొట్ట బిగబట్టి నిలబడేవాళ్ళు. ఆయన టేపు చుట్టి, "ఊపిరి వదలండి బాబూ, కోటు రోజంతా వేసుకోవాలి కదా," అనేవాడు. వాళ్ళు వదిలేవాళ్ళు. ఆ వదిలిన పొట్టని చూసినవాడు మర్నాడు తమతో సమానంగా పచ్చిక మీద నడుస్తుంటే ఎలా ఉంటుంది? ఆవిడకి ఇది పెద్దయ్యాక తోచింది. వాళ్ళ నవ్వులో సగం ఆ భయమే అయ్యుంటుంది.

సమానంగా నడిచే రోజు ఎలా వచ్చిందంటే, రేవులో పని పడిపోయి, సగం మంది సభ్యులు ఊళ్ళు పట్టుకుపోయి, ఆట నేల మీద మేకలు తిరగడం మొదలయ్యాక వచ్చింది. కమిటీ కూర్చుని, ఊళ్ళో గౌరవంగా బతికే కొట్టువాళ్ళనీ చేర్చుకుందాం అనుకుంది. మందుల షాపాయన చేరాడు, ప్రింటింగ్ ప్రెస్సాయన చేరాడు, దర్జీ చేరాడు. ఎవరో కుట్టించుకుని తీసుకెళ్ళకుండా వదిలేసిన కోటు వేసుకుని మొదటిరోజు ఆటకి వెళ్ళాడు. చేతులు కాస్త పొడవు. సరిచేసుకోవచ్చుగా అని అమ్మ అంటే, "ఆయన వస్తేనో?" అన్నాడట.

"వదినా, ఏకాగ్రత!" అన్నాడు మరిది. "ఇదే ఆఖరిది. చూసి కొట్టు."

మరిది మంచివాడే. అదే వచ్చిన చిక్కు. ఆవిడ భర్త పోయాక సభ్యత్వం ఆవిడ పేరుకి మార్పించింది అతనే. కళ్ళజోళ్ళ షాపులో ఉండే ఆవిడ వాళ్ళింటికి కోడలైనప్పుడు, 'కళ్ళు చూపించుకోవడానికి వెళ్ళి కళ్ళు పోగొట్టుకొచ్చాడు మా అన్నయ్య' అని క్లబ్బంతా చెప్పుకుని నవ్వింది కూడా అతనే. రాయి మాట ఎత్తడానికి కిందటి నెల ఆవిడ కళ్ళజోళ్ళ షాపుకి వచ్చి, కౌంటరు మీద మోచేతులు ఆనించి, ఒక ఫ్రేము తీసి పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ మొదలుపెట్టాడు.

"గొయ్యి పక్కన రాయి వేయిద్దాం అంటోంది కమిటీ. దర్జీ రూలు చెక్కించి, పైన మీ నాన్నగారి బొమ్మ."

"ఏం బొమ్మ?"

"కార్టూను. గోతిలో నిలబడి, మెడలో టేపు వేసుకుని, నెత్తి మీద ఇసుక... భలే వచ్చిందిలే. అంతా ప్రేమతోనే వదినా."

"ఆయన ఆటకి టేపు వేసుకెళ్ళలేదు."

"నాకు తెలీదా? టేపు లేకపోతే దర్జీ అని ఎలా తెలుస్తుంది మరి? ఇది నాకు బావుందా?"

"పెద్దదైంది. నీ మొహానికి."

అంతే అంది. ఫ్రేము గురించి అంది. అతను దాన్నే ఒప్పుదల కింద జమకట్టుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ ఆ రాత్రంతా, వద్దు అనాల్సిన చోట ఫ్రేము గురించి ఎందుకు మాట్లాడానా అని తన్ను తాను తవ్వుకుంది. సమాధానం కొత్తదేం కాదు. ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషి అని ఆవిడకి పేరు. అత్తగారు అన్నది, భర్త అన్నాడు, షాపుకొచ్చేవాళ్ళు అంటారు. మాట పెరుగుతుందనగా ఆపుతుంది, ఏడుపు వస్తుందనగా ఆపుతుంది. ఆ పేరు కష్టపడి సంపాదించుకుంది. ఎందుకంటే ఎక్కడ ఆపాలో తెలియని మనిషి కూతురు కాబట్టి.

ఆవిడ కర్ర ఎత్తింది. గోడ అంచునీ, దాని పైన ఎగిరే జెండానీ చూసింది. కొట్టింది.

ఇసుక లేచింది, మొహాన పడింది. బంతి గోడ పైఅంచుని ముద్దుపెట్టుకున్నంత దగ్గరగా వెళ్ళి, అక్కడొక్క క్షణం ఆలోచించి, కిందికి దిగి వచ్చేసింది.

"ఏడు!"

వరండా లేచి నిలబడింది. కుర్చీలు కిరకిరమన్నాయి. "ఎత్తు! ఎత్తు! ఎత్తు!" అరుపులో కోపం లేదు, ఎగతాళి కూడా పూర్తిగా లేదు. పుట్టినరోజు కేకు కొయ్యమని పిల్లని తొందరపెట్టే గొంతులు అవి. ఫొటోలు తీసే మనిషి మెట్లు దిగి వచ్చి గోతి అంచున గొంతుక్కూర్చున్నాడు.

ప్రెసిడెంటు మొహం వెలిగిపోయింది. "మేడమ్, ఇది మనం అనుకుని చేసినా ఇంత బాగా కుదరదు. నూరేళ్ళ పండగనాడు దర్జీగారి అమ్మాయి చేతుల మీదుగా బంతి ఎత్తడం! ఆ రాయి పక్కన ఈ ఫొటో పెట్టిద్దాం. ఏమంటావోయ్ సెక్రటరీ?"

"హాల్లో పెట్టిద్దామండి, పెద్దది చేయించి," అన్నాడు మరిది. "ఎత్తెయ్యి వదినా. టీ చల్లారిపోతోంది."

ఎత్తితే ఆ రాతి మీద తన సంతకం పెట్టినట్టే. ఆ సంగతి ఆవిడకి పూర్తిగా తెలుసు. ఇన్నాళ్ళూ వాళ్ళు చెప్పుకున్న కథకి, దర్జీ కూతురు కూడా నవ్వుతూ బంతి పైకెత్తి, అవును, మా నాన్న ఎత్తాల్సింది, అని చెప్పినట్టే. ఎత్తకపోతే రూలు మీరినట్టు. రూలు మీరిన సభ్యుల పేరు కొట్టెయ్యడానికి కమిటీకి అధికారం ఉంది. ఈ నేలా, ఈ ఆటా, ఆదివారాలూ, టీచరమ్మతో తిట్టుకుంటూ నడిచే సాయంత్రాలూ అన్నీ పోతాయి. భర్త పోయిన ఏడాది ఆవిడని మంచం దింపింది ఈ నేలే. అది చిన్న సంగతి కాదు.

వాళ్ళ కథ ఇది: దర్జీ బంతి గోతిలో పడింది. కొడుతూనే ఉన్నాడు. ఎదుటి ఆటగాళ్ళు, చాలండి, ఎత్తెయ్యండి అన్నారు. వినలేదు. వాళ్ళు వెళ్ళి టీ తాగారు, ఇంకో టీ తాగారు, చీకటి పడుతోందని ఇళ్ళకి పోయారు. ఆయన చివరికి బంతి జేబులో వేసుకుని గోతిలోంచి పాక్కుంటూ వచ్చి, కొట్టి బయటికి తెచ్చానని చెప్పుకున్నాడు. మరుసటి వారం కమిటీ నవ్వుకుంటూ రూలు పెట్టింది.

ఇంట్లో కథ చిన్నది. ఆయన దీపాలు పెట్టాక వచ్చాడు. గుమ్మంలోనే ఆపి, అమ్మ ప్యాంటు మడతల్లోంచి ఇసుక దులిపింది.

"బయటికొచ్చింది," అన్నాడాయన.

"ఎవరు చూశారు?"

"ఎవరున్నారు చూడ్డానికి."

"పిచ్చి మారాజా, ఎవరూ లేనప్పుడు చేత్తో అవతల పారేసి రావచ్చుగా! ఇంతసేపా?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "అరె," అన్నాడు, "అది తోచలేదే."

ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆవిడకి ఒళ్ళు మండేది. అందరికీ తోచేది ఈయనకి ఎందుకు తోచదు? నలుగురూ చాలన్న చోట చాలనుకుంటే, ఈ గోతికి వేరే ఎవరి పేరైనా ఉండేది. లేదా ఉత్త గొయ్యిగానే ఉండేది. ఆ తర్వాత ఆయన ఇంకా చాలా ఏళ్ళు ఆడాడు. రూలు పెట్టినందుకు ఒక్క మాట అనలేదు, కోట్లు కుట్టడం మానలేదు. కానీ ఈ ఆఖరి గుంటకి వచ్చేసరికి ఎప్పుడూ చుట్టూ తిరిగి, రోడ్డు పక్క నుంచి ఆడేవాడు. దెబ్బలు ఎక్కువయ్యేవి. పందెం పోయేది. ఆ గోతిలో మాత్రం ఆయన బంతి ఇంకెప్పుడూ పడలేదు. భయపడ్డాడని అనుకున్నారు. ఆవిడా అలాగే అనుకుంది.

భయం కాకపోతే? ఇప్పుడు మొదటిసారిగా అనుకుంది. పడితే ఏడో దెబ్బకి ఎత్తాలి. ఎత్తడం ఇష్టం లేదు. అంతే అయితే?

"ఎత్తు! ఎత్తు!"

ఆవిడ వంగింది. వరండా గొంతు పెరిగింది. వేళ్ళు బంతిని తాకబోతుండగా, వంగిన మనిషికి కనిపించే తీరులో, తన మోచేతి కిందుగా వెనక్కి చూపు పోయింది. తలకిందులుగా కనిపించింది గోతి వెనక భాగం. అక్కడ గోడ లేదు. నేల మెల్లగా, ఎవరో చేత్తో నిమిరినట్టు, పైకి వాలుతూ పోయింది. మట్టి తోలిన బళ్ళు దిగిందీ ఎక్కిందీ అటే అయ్యుండాలి మరి. ఇంత మట్టి గోడెక్కి బయటికి పోలేదు కదా.

నూరేళ్ళుగా అది అక్కడే ఉంది. ప్రతి ఆటగాడూ దాని మీదుగానే గోతిలోకి నడిచి దిగుతాడు. దిగాక అటు తిరగడు. ఆవిడ మాత్రం తిరిగిందా? ఏడుసార్లు ఈ గోడనే కొట్టింది. అటు కొడితే బంతి జెండాకి దూరంగా, వరండాకి దూరంగా, రోడ్డు వైపు పోతుంది. ఈ క్లబ్బులో అలా ఎవరూ ఆడరు. జెండాకి వీపు చూపించేవాడు మనవాడు కాడని పెద్దాయన అనేవాడట. దాన్ని హాల్లో రంగు అక్షరాలతో రాయించి పెట్టారు. అందుకని తాతలూ తండ్రులూ మనవలూ వరసపెట్టి ఈ గోడకి మొక్కుకుని, బంతి ఎత్తి, టీ తాగారు. నవ్వుతూ ఓడిపోవడం ఇక్కడ మర్యాద. వెనక్కి కొట్టి గట్టెక్కడం ఇక్కడ సిగ్గు.

మరి అందరూ వెళ్ళిపోయాక? వరండా ఖాళీ అయి, చీకటి పడుతుంటే, గోతిలో ఒక్కడే మిగిలిన మనిషికి వీపు చూపించడానికి ఎవరున్నారు కనక? తన వృత్తిలో తప్పు కుట్టు పడితే విప్పి వెనక నుంచి వచ్చే మనిషి. తిరిగి ఉంటాడా?

తెలియదు. అటు కొట్టి ఉండొచ్చు. గోడ మీదుగానే కొట్టి ఉండొచ్చు. వాళ్ళన్నట్టు జేబులో వేసుకునీ వచ్చి ఉండొచ్చు. అయితే అది తోచలేదన్న మొహం ఆవిడకి బాగా గుర్తు. నాన్న కోసం ఇప్పుడు తను ఒక కథ కుడుతోందని ఆవిడకి తెలుసు. వాళ్ళు కుట్టిన కథకి చేతులు పొడవైతే, తను కుట్టే దానికి పొట్టి కావొచ్చు. ఆయనకి ఏదీ సరిగ్గా పట్టదు. పట్టకపోనీ. ఆయన సంగతి ఆయనతోనే పోయింది. ఈ బంతి ఆయనది కాదు.

ఆ ఆలోచన దగ్గర ఆవిడకి ఒక్కసారిగా తేలికైంది. ఇంతసేపూ తను గోడని కొట్టింది ఎవరి కోసమని? నాన్న కోసం అనుకుంది. అబద్ధం. వరండా కోసం. గోడ మీదుగా బంతి లేపితే, దర్జీ చెయ్యలేనిది దర్జీ కూతురు చేసింది అని వాళ్ళు చప్పట్లు కొడతారని. ఎత్తినా వాళ్ళ చప్పట్లే, దాటించినా వాళ్ళ చప్పట్లే.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, నడుం నిటారుగా చేసుకుంది. చేతిలో బంతి లేదు.

అరుపులు ఒకటొకటిగా సన్నగిల్లాయి.

"ఏంటి వదినా, నడుం పట్టేసిందా? నేను దిగనా?"

"అక్కర్లేదు. ఎత్తను."

"ఎత్తవా? ఎత్తకపోవడం ఏంటి?"

"ఎత్తనంటే ఎత్తను. నువ్వు విన్నదే అన్నాను."

మరిది నవ్వబోయి, అన్నయ్య భార్య మొహంలో నవ్వు కనబడక, తనదీ దించుకున్నాడు. ఆ మొహం అలా ఉండగా అతను ఇదివరకు చూడలేదు. "వదినా, అందరూ చూస్తున్నారు," అన్నాడు గొంతు తగ్గించి.

"చూడనీ. టికెట్టు లేదుగా."

టీచరమ్మ కిసుక్కున నవ్వి, దాన్ని దగ్గు కింద మార్చుకుంది.

ప్రెసిడెంటు ఒక అడుగు ముందుకి వేశాడు. కదిలే పన్ను ముందు వాడే మెత్తని గొంతు తీశాడు. "మేడమ్, మీ బాధ అర్థం చేసుకోగలను. కానీ రూలు రూలే కదా. ఇది మీ నాన్నగారి గౌరవార్థం ఉన్న..."

"ఎవరి గౌరవార్థం డాక్టరుగారూ?"

ఆయన సెక్రటరీ వైపు తిరిగాడు.

"మా నాన్నకి గౌరవం అయితే ఆయన్ని అడిగి పెట్టాల్సింది. అడిగారా? ఆ రాయి గురించి నన్ను అడిగారు. అప్పుడు నేను చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. వద్దు. ఆ బొమ్మ వద్దు, ఆ టేపు వద్దు. నేనుండగా ఆ గుడ్డ తియ్యడానికి వీల్లేదు."

"ఏడు దెబ్బలు దాటి ఆడితే నేను పేరు కొట్టెయ్యాల్సి వస్తుంది. నాకూ ఇష్టం లేదు."

"కొట్టెయ్యండి. రేపు షాపు తీసే ఉంటుంది, కాగితం పంపండి. ఇవాళ మాత్రం పక్కకి జరగండి."

"ఇది బావుండదు మేడమ్."

"ఇన్నాళ్ళూ బావుంది కదండీ. ఒక్కరోజు బావుండకపోతే ఏం పోతుంది?"

వరండాలో ఎవరో కప్పు సాసరులో పెట్టిన చప్పుడు వినిపించింది. ఇక్కడ ఆపొచ్చు. అనాల్సింది అనేశావు, ఇంక చాలు, అని లోపల ఆ పాత గొంతు అలవాటు కొద్దీ చెప్పింది. ఆవిడ దాన్ని పూర్తిగా విన్నది. చాలా ఏళ్ళ పరిచయం కదా, మధ్యలో నోరు నొక్కెయ్యడం ఎందుకని.

"ఏమే," అంది టీచరమ్మ, ఈసారి నవ్వకుండా, "నిజంగానే ఆడతావా?"

"ఆడతా."

"అయితే తొందరగా కానీ. నీ టీ నేను తాగేస్తున్నా."

ఆవిడ కర్ర మార్చి పట్టుకుంది. బంతి చుట్టూ నడిచి అవతలి వైపుకి వచ్చింది. జెండా, వరండా, గుడ్డ కప్పిన రాయి, వాటి ముందు నిలబడ్డ ప్రెసిడెంటు, అందరూ వీపు వెనక్కి వెళ్ళిపోయారు. ఎదురుగా వాలు, దాని చివర ఖాళీ నేల, రోడ్డు, రోడ్డు మీద తన దారిన పోతున్న లారీ.

"వదినా! జెండా ఇటు!" అని వెనక నుంచి మరిది అరిచాడు.

ఆవిడ కాళ్ళు ఇసుకలోకి ఒకసారి అటూ ఇటూ తిప్పి కుదురుగా పాతుకుని, కర్ర వెనక్కెత్తి, కొట్టింది.